శక్తి వాణిజ్యములోని మాటలు: వాని పుట్టుపూర్వోత్తరములు

బియ్యము కొనువాడు కుంచమును చూచును. బట్ట కొనువాడు గజమును చూచును. బంగారము కొనువాడు త్రాసు ముల్లును చూచును. సరకు కంటి యెదుట నుండును గనుక కొలతలో మోసము జరిగిన నేడు కాకున్న రేపైనను బయటపడును. కాని శక్తి యనునది అట్టి సరకు కాదు. దానిని చేతితో పట్టి చూడలేము. మూటగట్టి యింటికి తెచ్చుకొనలేము. దీపము వెలిగిన తరువాత, నీరు పైకెక్కిన తరువాత, బండి కదలిన తరువాత మాత్రమే అది వచ్చి పోయినదని తెలియును. ఇట్టి సరకును అమ్ముట యెట్లు? ఇచ్చినదెంతయో, పుచ్చుకొన్నదెంతయో ఇరుపక్షములవారును ఒప్పుకొనునట్లు చెప్పుట యెట్లు?

ఈ ప్రశ్నకు రెండున్నర శతాబ్దములుగా వర్తకులు, యంత్రకారులు, శాస్త్రజ్ఞులు, ప్రభుత్వములు చెప్పుకొన్న సమాధానములే హార్స్ పవర్, వాట్, యూనిట్, బ్యారెల్, గ్రిడ్ మున్నగు మాటలు. దినపత్రికలలోను, ప్రభుత్వ కార్యాలయముల దస్త్రములలోను, నెలనెలా యింటికి వచ్చు కరెంటు బిల్లులోను ఇవి కనబడుచునే యుండును. పైకి చూచిన ఎండుకట్టెలవంటి సాంకేతిక పదములు. కాని చరిత్రను త్రవ్వి చూచినచో వీనిలో పెక్కింటి క్రింద ఒక తగవును, ఆ తగవు తీర్చిన ఒక ఒడంబడికయు కనబడును.

శక్తి, సామర్థ్యము

ముందుగా శక్తి యను మాటనే చూతము. ఆంగ్లములోని ‘ఎనర్జీ’ గ్రీకు భాషనుండి వచ్చిన పదము. భౌతికశాస్త్రములో దానిని నేటి యర్థమునకు దగ్గరగా వాడినవాడు థామస్ యంగ్. 1807లో ప్రకటితమైన అతని ఉపన్యాసములలో ఆ మాట కలదు. స్థితిశక్తి యను భావమునకు ఆంగ్లమున పేరు పెట్టినవాడు స్కాట్లండు దేశీయుడగు రాంకిన్. అది 1853వ సంవత్సరము. అనగా ఇంగ్లండు గనులలో ఆవిరియంత్రములు నీరు తోడనారంభించి నూఱేండ్లు దాటిన తరువాత గాని శాస్త్రమున ఈ మాటలు కుదురుకొనలేదు. వర్తకము ముందు నడచెను. శాస్త్రము దాని వెనుక వచ్చెను.

తెలుగున మరియొక చిక్కు కలదు. ‘ఎనర్జీ’ యన్నను, ‘పవర్’ అన్నను లోకవ్యవహారములో మనకు శక్తియే. పాఠ్యపుస్తకములు మొదటిదానిని శక్తి యనియు, రెండవదానిని సామర్థ్యమనియు వేఱుపరచినవి. కాలువ తూమునుండి క్షణక్షణము దూకు నీటి వడి సామర్థ్యమువంటిది. సాయంకాలమునకు చెఱువున చేరిన నీరు శక్తివంటిది. కిలోవాట్ మొదటిదానికి కొలత; కిలోవాట్ గంట రెండవదానికి కొలత. ఒక విద్యుత్కేంద్రము ఇన్ని మెగావాట్లదని చెప్పినచో తూము ఎంత పెద్దదో తెలిసినది గాని, చెఱువు ఎంత నిండినదో తెలియలేదు. ఒక మెగావాట్ యంత్రము రాత్రింబవళ్లు నిండుగా తిరిగిన దినమునకు 24,000 యూనిట్లు వచ్చును. గాలి లేక, ఎండ లేక ఆగిన యంత్రమునకు మెగావాట్లు ఉండును, యూనిట్లు రావు. ఈ భేదము తెలిసినవాడు ప్రకటనలను చూచి మోసపోడు.

గుఱ్ఱమును కొలబద్ద చేసిన కథ

జేమ్స్ వాట్ 1736లో స్కాట్లండు దేశమున జన్మించెను. ఆవిరిని వేఱొక పాత్రలో చల్లార్చు ఉపాయమునకు 1769లో హక్కుపత్రము పొందెను. 1775లో బర్మింగ్‌హాము వర్తకుడగు మాథ్యూ బోల్టన్‌తో భాగస్వామి యయ్యెను. వారి యంత్రములను మొదట హెచ్చుగా కొన్నవారు కార్న్‌వాల్ ప్రాంతపు గనుల యజమానులు. వారితో కుదిరిన బేరము విచిత్రమైనది. పాత యంత్రముకంటె క్రొత్త యంత్రము ఎంత బొగ్గు ఆదా చేయునో లెక్కగట్టి, ఆ ఆదాలో మూడవ వంతు వెలను బోల్టన్, వాట్‌లకు చెల్లింపవలెను. అయితే లెక్క యెవరిది? ఆదా యెంత? ఈ విషయమై గనుల యజమానులతో తగవులు ఏండ్ల తరబడి నడచెను.

తరువాత పిండిమరలవారును, సారాయి బట్టీలవారును యంత్రములు కావలెనని వచ్చిరి. అచ్చట పాత ఆవిరియంత్రమే లేదు. గుఱ్ఱములు గానుగెద్దులవలె చుట్టు తిరిగి మరలను త్రిప్పుచుండెను. గుఱ్ఱము బొగ్గు తినదు గనుక బొగ్గు ఆదా లెక్క పనికిరాదు. ఈ యంత్రము ఎన్ని గుఱ్ఱముల పెట్టు? కొనువాని ప్రశ్న యిదియే. ఆవిరియంత్రమును గుఱ్ఱములతో పోల్చుట 1702 నాటికే థామస్ సేవరీ వ్రాతలలో కలదు. ఆ పోలికకు అంకె కట్టినవాడు వాట్. ఒక గుఱ్ఱము ఒక నిమిషమున 33,000 పౌనుల బరువును ఒక అడుగు ఎత్తునకు లేపును అని 1783లో అతడు నిర్ణయించెను. సామాన్యమైన గుఱ్ఱము దినమంతయు ఆ లెక్కన పనిచేయజాలదు. కావున పది గుఱ్ఱముల యంత్రమును కొన్నవాడు పది గుఱ్ఱములకు మించిన పనినే పొందెను. కొలబద్దను కొనువాని వైపు కొంచెము వంచుటచేత వర్తకునకు నమ్మకము లభించెను. నమ్మకము వెంట బేరము వచ్చెను.

తంతులు నేర్పిన పాఠము

వోల్టు, ఓము, ఆంపియరు అను పేర్లు ప్రయోగశాలలలో పుట్టినవని పలువురు తలంతురు. నిజమునకు వానికి అవసరము కల్పించినది సముద్రము క్రింది తంతి. 1858లో అట్లాంటిక్ సముద్రమున వేసిన తంతి కొలది వారములలో మూగవోయెను. 1857 తిరుగుబాటు తరువాత హిందూదేశపు వార్తలు లండనునకు త్వరగా చేరవలెనని బ్రిటిష్ ప్రభుత్వమునకు ఆతురత కలిగెను. 1859, 1860 సంవత్సరములలో సూయజునుండి ఏడెను మీదుగా కరాచీ వఱకు ఎఱ్ఱసముద్రపు తంతిని వేసిరి. అదియు చెడిపోయెను. ఆ కంపెనీ లాభములకు ప్రభుత్వము ముందుగనే హామీ యిచ్చియుండెను గనుక, పలుకని తంతికి ఖజానా సొమ్ము చెల్లింపవలసి వచ్చెను.

ఇట్టి నష్టములపై ఏర్పడిన విచారణ సంఘము 1861లో నివేదిక సమర్పించెను. తంతి ఎంత మంచిదో, ఎంత చెడ్డదో చెప్పుటకు అందఱు ఒప్పుకొన్న కొలతలు లేకుండుట యెంతటి లోపమో ఈ నష్టములవలన తేటపడెను. అమ్మువాడొక లెక్క, వేయువాడొక లెక్క, పరీక్షించువాడొక లెక్క చెప్పుచుండిరి. ఆ యేడే లాటిమర్ క్లార్క్, చార్లెస్ బ్రైట్ అను తంతి యింజనీర్లు విద్యుత్ కొలతలకు శాస్త్రజ్ఞుల పేర్లు పెట్టవలెనని బ్రిటిష్ అసోసియేషన్ సభలో సూచించిరి. ఇరువది సంవత్సరములకు, 1881లో, పారిసు నగరమున జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ ఓము, వోల్టు, ఆంపియరు, కూలూము, ఫారడు అను పేర్లను అంగీకరించెను. ఓము జర్మను, వోల్టా ఇటలీవాడు, ఆంపియరు, కూలూములు ఫ్రెంచివారు, ఫారడే ఆంగ్లేయుడు. ఏ దేశమునకును చిన్నతనము లేకుండ కుదిరిన ఒడంబడిక యది. హిందూదేశపు తంతి మ్రింగిన సొమ్ము అంతయు వ్యర్థము కాలేదనవచ్చును.

మఱుచటి యేట, 1882లో, విలియం సీమెన్స్ సామర్థ్యపు కొలతకు ‘వాట్’ అను పేరు సూచించెను. లండనునుండి టెహరాను మీదుగా హిందూదేశమునకు వార్తలు తెచ్చుటకై 1870లో ప్రారంభమైన తంతిమార్గమును నిర్మించినవారు సీమెన్స్ సోదరులే. గుఱ్ఱములతో లెక్క నేర్పిన వాట్ పేరే చివరకు గుఱ్ఱమును తోసివేసెను: ఒక హార్స్ పవర్ అనగా 746 వాట్లు.

యూనిట్టు, మీటరు

అదే 1882వ సంవత్సరము సెప్టెంబరు 4వ తేదీన న్యూయార్కు నగరమున ఎడిసన్ పెర్ల్ స్ట్రీట్ కేంద్రము నడువ మొదలిడెను. కరెంటును కొలుచుటకు ఎడిసన్ పెట్టిన మీటరులో జింకు లవణపు ద్రావకమును, అందు మునిగిన జింకు పలకలును ఉండెడివి. కరెంటు పారినకొలది జింకు ఒక పలకనుండి మరియొక పలకకు చేరును. కంపెనీవారు పలకలను తీసికొనిపోయి తూచి బిల్లు వ్రాసెడివారు. శాస్త్రరీత్యా అందు దోషము లేదు. కాని ఇంటివాడు తన వాడుకను తాను చదువుకొను మార్గము లేదు. తరువాత 1889లో హంగేరీ దేశీయుడగు ఓటో బ్లాతీ తిరుగు పళ్లెపు మీటరును నిర్మించెను. అంకెలు చూపు మీటరు గోడమీదికి వచ్చిన పిమ్మట కొనువాడును అమ్మువాడును ఒకే లెక్కను చూడగల్గిరి.

బ్రిటనులో 1882 నాటి విద్యుద్దీపముల చట్టము తరువాత వేయి వాట్లు ఒక గంట వాడినదానిని ‘బోర్డ్ ఆఫ్ ట్రేడ్ యూనిట్’ అని పిలువసాగిరి. అమెరికాలో కిలోవాట్ గంట యను పేరు నిలిచెను. మన దేశమున బోర్డు పోయినది, ట్రేడు పోయినది, ‘యూనిట్’ మాత్రము మిగిలెను. నేడు పల్లెటూరి ముదుసలియు ‘ఈ నెల నూఱు యూనిట్లు కాలినవి’ అనును. చమురు కాలినట్లు, కట్టె కాలినట్లు యూనిట్లు కాలుట మన నుడికారమే.

పొలములో రెండు కొలతలు

మన దేశమున 1897లో డార్జిలింగు కడ జలవిద్యుత్తు పుట్టెను. 1902లో కావేరిమీది శివసముద్రమునుండి 92 మైళ్ల దూరమునగల కోలారు బంగారు గనులకు కరెంటు చేరెను. తమిళులతోపాటు తెలుగువారును పెక్కుమంది పనిచేసిన గనులవి. ఆంధ్ర, ఒడిశాల సరిహద్దున మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము 1955లో నడువ మొదలిడెను. అటుపిమ్మట కరెంటు తీగ పొలము గట్టు వఱకు వచ్చెను. తెలుగు రైతునకు తెలిసిన మొదటి శక్తి మాట వాట్ కాదు, యూనిట్ కాదు, ‘హెచ్.పి.’. మూడు హెచ్.పి. మోటారు, ఐదు హెచ్.పి. మోటారు అని అతడు తన బావిని చెప్పుకొనును. మోటకు కట్టిన యెడ్లను విప్పి, వాని స్థానమున గుఱ్ఱములను కట్టినట్లే గదా!

1983లో ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రియైన తరువాత వ్యవసాయపు మోటారునకు హెచ్.పి. ఒక్కింటికి ఏటికి 50 రూపాయల చొప్పున వసూలు చేయు పద్ధతి వచ్చెను. 2004లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వము ఉచిత విద్యుత్తు ప్రకటించెను. వాన నమ్మరాని సీమలో, బోరుబావిపై బ్రదుకు రైతునకు ఇది ఊపిరి పోసిన మాట సత్యము. కాని దాని వెంట ఒక చిక్కు వచ్చెను. హెచ్.పి. తూము వెడల్పును చెప్పునే గాని పారిన నీటిని చెప్పదు. మీటరు లేనిచోట పొలములకు పోయిన కరెంటు ఎంత, తీగలలో నశించినది ఎంత, దొంగిలింపబడినది ఎంత అను లెక్కలకు అంచనాయే శరణ్యమయ్యెను. 2003 నాటి విద్యుత్ చట్టము 55వ సెక్షను సరియైన మీటరు లేకుండ ఎవరికిని కరెంటు ఈయరాదని శాసించినది. అయినను 2020లో ఆంధ్రప్రదేశ్ శ్రీకాకుళము జిల్లాలో వ్యవసాయ మోటార్లకు మీటర్లు పెట్టనారంభించినపుడు ఆందోళన రేగెను. నాటి తెలంగాణ ప్రభుత్వము తాము మీటర్లు పెట్టబోమని ప్రకటించెను. అధికారికి మీటరనగా లెక్క. రైతునకు మీటరనగా రేపు రానున్న బిల్లు. ఒకే వస్తువునకు రెండర్థములున్నంత కాలము తగవు తీరదు. కార్న్‌వాల్ గనులకడ వాట్ ఎదుర్కొన్న ప్రశ్నయే ఇక్కడను నిలిచియున్నది: లెక్క యెవరిది?

పీపాల వంశవృక్షము

కరెంటునుండి చమురువైపు తిరిగినచో మరియొక వింత కానవచ్చును. 1859 ఆగస్టు 27వ తేదీన అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున టైటస్‌విల్ కడ ఎడ్విన్ డ్రేక్ త్రవ్వించిన బావిలో సుమారు 70 అడుగుల లోతున చమురు పడెను. దానిని నింపుటకు పాత్రలు లేక విస్కీ పీపాలు, చేపల పీపాలు, దొరికిన పీపా నెల్ల వాడిరి. ఒక్కొక్కటి ఒక్కొక్క కొలత. త్రోవలో కారిపోవునది కొంత. కొనువారు గోల పెట్టిరి. 1866లో ఉత్పత్తిదారులు కూడి, బ్యారెలునకు 40 గాలనుల వెల పుచ్చుకొని, కొనువాని కొసరుగా రెండు గాలనులు అదనముగా పోయుటకు నిశ్చయించిరి. ఆ 42 గాలనులే, అనగా సుమారు 159 లీటర్లే, నేటికిని ప్రపంచపు బ్యారెలు. నేడు చమురు ఓడలలోను, గొట్టములలోను పోవుచున్నది. కొయ్య పీపా కానరాదు. అయినను ధర పీపా లెక్కననే పలుకుచున్నది. విశాఖపట్నమున 1957లో నెలకొన్న చమురు శుద్ధి కర్మాగారమునకు వచ్చు ముడిచమురు వెలయు ఆ లెక్కదే.

ఈ 42 అంకె క్రొత్తదియు కాదు. పూర్వపు ఇంగ్లండులో ద్రాక్షసారాయి వర్తకమున ‘టన్’ అను పెద్ద పీపా 252 గాలనులు. అందు సగము ‘పైప్’, 126 గాలనులు. పైపులో మూడవ వంతు ‘టియర్స్’, 42 గాలనులు. ఓడలో ఎన్ని టన్ పీపాలు పట్టునో లెక్కించుటనుండియే ‘టన్ను’ అను బరువు పుట్టెను. అనగా సింగరేణి బొగ్గును తూచు టన్నును, చమురును కొలుచు బ్యారెలును ఒకే సారాయి కొట్టున పుట్టిన అన్నదమ్ములు! ఇక మన ‘పీపా’ యెవరు? పోర్చుగీసువారి ‘పిపా’నుండి మనకు వచ్చినది, ఆంగ్లేయుల పైపునకు దగ్గఱి చుట్టము. ఆంగ్లభాషనుండి బ్యారెలు రాకముందే దాని మేనమామ తెలుగింట కాపురమున్నాడు.

బరువు చాలదు, వేడిమి కావలెను

టన్ను ఒక్కటియే బొగ్గు విలువను చెప్పజాలదు. యెల్లందు ప్రాంతపు బొగ్గును 1870 తరువాతి తొలి సంవత్సరములలో భూగర్భశాస్త్ర శాఖకు చెందిన విలియం కింగ్ గుర్తించెను. సింగరేణి కంపెనీ 1920లో ఆ పేరు దాల్చెను. మన బొగ్గులో బూడిద యెక్కువ. బరువు చూచి కొన్నవాడు బూడిదకును వెల యిచ్చుకొనును. అందుచేత బొగ్గు ఎంత వేడిమినిచ్చునో చూడవలసి వచ్చెను. 2012నుండి మన దేశమున కిలోగ్రామునకు ఇన్ని కిలోకెలోరీల మొత్తపు వేడిమి అను లెక్కను బట్టి బొగ్గును 17 తరగతులుగా విభజించుచున్నారు. తరగతి తప్పినదని గనులవారికిని విద్యుత్కేంద్రములవారికిని తగవులు వచ్చుట కలదు. అందుకే ఇరుపక్షములకు చెందని మూడవవారిచేత నమూనాలు పరీక్షింపజేయు పద్ధతి వచ్చెను.

సహజవాయువు కథ ఇంకను చిత్రము. కృష్ణా గోదావరి తీరమున సముద్రగర్భమునుండి 2009లో రాసాగిన డి6 వాయువునకు కట్టిన వెల పది లక్షల బి.టి.యు.లకు 4.2 డాలర్లు. బి.టి.యు. అనగా ఒక పౌను నీటిని ఒక ఫారెన్‌హీట్ డిగ్రీ వేడిచేయు ‘బ్రిటిష్’ ఉష్ణ ప్రమాణము. బ్రిటనులో నేడు ఇండ్ల గ్యాసు బిల్లులు కిలోవాట్ గంటలలో వచ్చుచున్నవి. తెలుగు సముద్రపు వాయువు మాత్రము బ్రిటిష్ కొలతతో, అమెరికా నాణెముతో బేరమాడబడెను. కొలత యెవరిదో బేరములో పలుకుబడి తఱచుగా వారిదే అను సంగతి ఇందు తేటపడుచున్నది.

గ్రిడ్డు: అందఱకు ఒక్క తాళము

‘గ్రిడ్’ అనునది మాంసము కాల్చు ఇనుప జల్లెడ పేరునుండి వచ్చిన మాట. బ్రిటనులో 1926 నాటి చట్టము ప్రకారము విద్యుత్కేంద్రములను ఒకే వలగా కలుపబూనినపుడు తీగల పటము అట్లు కనబడుటచే ఆ పేరు స్థిరపడెను. వలలో చేరినవారందఱు ఒకే తాళమునకు నడువవలెను. మన దేశమున అది సెకనునకు 50 ఆవృత్తములు. ఉత్పత్తికంటె వాడుక హెచ్చిన తాళము మందగించును, తగ్గిన వేగిరపడును. దేశమున ఎక్కడ మీట నొక్కినను దాని ఛాయ ఆ తాళముపై పడును. 2002–03లో వచ్చిన క్రొత్త ధరల విధానములో ఈ తాళమే వెలకు ఆధారమయ్యెను: తాళము మందగించిన వేళ తన వంతుకు మించి వాడిన రాష్ట్రము హెచ్చు ధర చెల్లింపవలసి వచ్చెను.

2012 జులై 30, 31 తేదీలలో ఉత్తరభారతమున వల తెగి ఢిల్లీ చీకటి పాలైన సంగతి రాజధానిలోని తెలుగు కుటుంబములు మఱచియుండవు. రెండవ దినమున తూర్పు, ఈశాన్య ప్రాంతములును పడిపోయెను. దక్షిణ ప్రాంతము మాత్రము నిలిచెను. గాజువాక మున్నగు చోట్ల ఏకముఖ విద్యుత్తు ద్వారముల మూలముననే అది ఉత్తరముతో కలిసియుండెను గాని, తాళము వేఱుగా నుండెను. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపురముల నడుమ 765 కిలోవోల్టుల తీగతో ఆ తాళమును ఒక్కటయ్యెను. నాటినుండి కాశ్మీరములోని దీపమును కన్యాకుమారిలోని దీపమును ఒకే లయలో వెలుగుచున్నవి. కలిసినందున ఆపదలో తోడు దొరకును. ఒకరి తప్పు అందఱను తాకుటయు కలదు.

ఇట్లు గుఱ్ఱమునుండి గ్రిడ్డు వఱకు చూచినచో ఒక సత్యము బోధపడును. అంగీకరింపబడిన కొలత ధనవంతునకు అలంకారము, బీదవానికి రక్షణ. మాట యర్థము తెలియనివానికి బిల్లు ఒక శాసనము. తెలిసినవానికి అది ప్రశ్నింపదగిన లెక్క. 2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము కోటి గృహముల పైకప్పులపై సౌరవిద్యుత్తు కల్పించు పథకమును ప్రారంభించెను. అట్టి యింట మీటరు రెండు దెసల లెక్క చూపును: వలనుండి తీసికొన్నది, వలకు ఇచ్చినది. నిన్నటి వఱకు కొనువాడైన గృహస్థు నేడు అమ్మువాడును అగుచున్నాడు. తన యూనిట్టునకు ఎంత వెల, ఎన్నేండ్లు, ఎవరు నిర్ణయింతురు అని అతడు అడుగవలసియున్నది. వాట్ నాటి బేరము ముగియలేదు. అది మన యింటి డాబాపైకి వచ్చినది. ఆ బేరమున నష్టపోకుండుటకు గృహస్థునకు ముందుగా కావలసినది ఆ మాటల యర్థము.